అయిదున్నర శ్రుతి

నాకు సంగీతం రాదు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. వినయం నా ఒంటికి పడదని మా ఆయన పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నారు. రాదంటే నిజంగానే రాదు. సరళీ స్వరాలు చెప్పమంటే రెండో వరసలోనే తడబడతాను. కానీ ఏ పాటైనా ఒకసారి చెవిన పడితే చాలు, రెండోసారికి నా వేళ్ల కింద ఉంటుంది. ఎలా వస్తుందని అడిగితే చెప్పలేను. కరెంటు పోయినప్పుడు సొంతింట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చెయ్యికి తెలుస్తుంది కదా, అంతే.

చిన్నప్పుడు మా ఊరి చర్చిలో హార్మోనియం పెట్టె ఉండేది. సండే స్కూలు అయిపోయాక పిల్లలంతా బయట ఆటలకు పరుగెత్తితే నేను దాని దగ్గర చేరేదాన్ని. మా అమ్మ చేపలు తోముతూ పాడిన పాటను ఆ మెట్ల మీద వెతుక్కునేదాన్ని. దొరికేది. నేర్పినవాళ్లెవరూ లేరు. మా పాటల పుస్తకాల్లో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. ఆ పేర్ల అర్థం మా ఊళ్లో ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించనూ లేదు. పాట అమ్మ నోటి నుంచి పిల్ల చెవికి వచ్చేది.

ఆ చెవితోనే నర్సింగు చదివాను, పెళ్లి చేసుకున్నాను, ఢిల్లీ వచ్చాను. నోయిడాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వారమంతా 'సిస్టర్, సునియే' అన్న పిలుపుకి పరుగెత్తడం, హిందీలో సర్దిచెప్పడం, హిందీలోనే తిట్లు తినడం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం నేను మా తెలుగు చర్చిలో కీబోర్డు ముందు కూర్చుంటాను. మాకు సొంత చర్చి లేదు. ఢిల్లీలో ఒక పాత చర్చిలో పొద్దున హిందీ ఆరాధన, తర్వాత మలయాళీలు, వాళ్లు వెళ్లాక ఎండ మాడ్చే వేళకి మేము. వచ్చేది ఎక్కువగా నర్సులు, వాళ్ల కుటుంబాలు, నోయిడా ఆఫీసుల్లో పనిచేసే కుర్రకారు. ఆ రెండు గంటలూ నేను ఎవరి సిస్టర్‌నీ కాను. వారంలో నేను మనిషినన్న సంగతి నాకు గుర్తుండేది అప్పుడే.

మా చర్చిలో పాట ఎత్తేది ఒక పెద్దావిడ. బాపట్ల వైపు మనిషి, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, అందరికీ ఆంటీ. పాట నంబరు చెప్పగానే ఆవిడ కళ్లు మూసుకుంటారు. గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఎత్తేస్తారు. ఒంట్లో బాగుంటే అయిదున్నర శ్రుతి, జలుబు చేస్తే నాలుగున్నర, కోడలితో పేచీ పెట్టుకుని వచ్చిన రోజు ఆరు. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేచినట్టు. వాయించేవాళ్లని శ్రుతి అడిగి పాడటం మాలో లేదు. పాట ముందు పోతుంది, వాయించేవాళ్లు వెనక పరుగెత్తి పట్టుకోవాలి. బస్సు కదిలాక ఎక్కినట్టుంటుంది, కానీ నేను ఏనాడూ బస్సు తప్పలేదు.

దానికి నా దగ్గరొక ఉపాయం ఉంది. నేను ఎప్పుడూ ఒకే మెట్ల మీద వాయిస్తాను. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని ఒక అంకె జరిపితే అవే మెట్లు అర శ్రుతి పైకో కిందికో పలుకుతాయి. ఆంటీ రెండో మాట పలికేలోపే మీట టకటకా నొక్కి ఆవిడ గొంతు దగ్గరికి చేరిపోయేదాన్ని. నొటేషన్ చూసి వాయించేవాళ్లు ఆ మీటని చూసి మూతి విరుస్తారు. విరవనీ. వాళ్లని మా ఆంటీ వెనకాల ఒక్క ఆదివారం వాయించమనండి చూద్దాం.

ఆరాధన అయ్యాక ఆంటీ నా దగ్గరికి వచ్చి ప్రతివారం ఒకటే అడిగేవారు.

“ఎంతలో ఎత్తానే ఇయ్యాల?”

“అయిదున్నర ఆంటీ.”

“అట్టాగా! అందుకే గొంతు హాయిగా పలికింది.”

డాక్టరు బీపీ చెబితే విన్నంత శ్రద్ధగా వినేవారు. అంకె తెలిస్తే ఆవిడకేం ఒరుగుతుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. మళ్లీ వారం మామూలే, కళ్లు మూసుకోవడం, తోచినచోట ఎత్తడం.

నా చెవి పాడవడం మైక్రోవేవుతో మొదలైంది. అన్నం వేడయ్యాక అది ఒక్క కూత కూస్తుంది. ఒకరోజు రెండు కూతలు వినిపించాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకేసారి రెండు, ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. చెడిపోయిందనుకుని మెకానిక్‌ని పిలిపించాను. “బిల్కుల్ ఠీక్ హై దీదీ”, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత లిఫ్టు గంట అలాగే పలికింది. ఆ తర్వాత మా ఆయన ఫోను. అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. కుడి చెవి మూసుకుని విన్నాను, ఎడమ చెవి మూసుకుని విన్నాను. ఒకే కూత రెండు చెవుల్లో రెండు శ్రుతులు.

మా ఆసుపత్రిలోనే చూపించుకున్నాను. చెవి డాక్టరు నెమ్మదస్తురాలు, పెద్ద పెద్ద మాటలు వాడలేదు. లోపలి నరం దెబ్బతింటోంది, పోయింది తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేను అంది. మాటలు వినడానికి మిషను పెట్టుకోవచ్చంది. మరి పాట, అని అడిగాను. “మిషన్లు మాటల కోసం చేసినవి సిస్టర్” అంది. రోగుల బంధువులకి చెడ్డకబురు చెప్పేటప్పుడు నేను వాడే గొంతు అది. నా మీదే వాడుతుంటే ఒళ్లు మండింది. బయటికొచ్చి, స్టాఫ్ టాయిలెట్లో తలుపేసుకుని, ఏడ్చాను.

మిషను పెట్టుకున్నాను. మాటలు బాగానే వినిపించాయి. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే మాత్రం ఆ మిషను దాన్ని చప్పుడనుకుని వణికించేసేది. చర్చిలో మేము నెత్తిన కొంగు వేసుకుంటాం కనుక మిషను ఎవరికీ కనబడలేదు. ఇన్నేళ్లలో ఆ కొంగు నాకు నిజంగా అక్కరకొచ్చింది అప్పుడే.

కొన్నాళ్లు కుడి చెవిలో దూది పెట్టుకుని, ఎడమ చెవితో నెట్టుకొచ్చాను. అప్పుడు ఎడమది కూడా జావ కావడం మొదలుపెట్టింది. గొంతు వినబడేది, మాటలు తెలిసేవి, అది ఎక్కడ పలుకుతోందో తెలిసేది కాదు. ఒక ఆదివారం ఆంటీ ఎత్తారు, నేను మీట జరిపాను, అందుకున్నాననే అనుకున్నాను. పాట చివరిదాకా ఎంతో భక్తిగా వాయించాను. తలెత్తి చూస్తే ముందు వరసలో ఆడపిల్లలు చెవులు మూసుకుని నవ్వాపుకుంటున్నారు. పాట మొత్తం అర శ్రుతి తేడాగా వాయించానని ఆ మొహాలు చూశాక తెలిసింది. ఒక్కరూ నన్నేమీ అనలేదు. మా వాళ్లు ఎదుట ఏమీ అనరు. వెనక కూడా అనకుండా ఉంటే దేవదూతలే అయిపోదురు.

ఆంటీ మాత్రం వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? జొరం గానీ వచ్చిందా?”

“డ్యూటీ ఎక్కువైంది ఆంటీ” అన్నాను. ఆ రోజు ఆవిడ శ్రుతి అడగలేదు.

నిజం చెప్పేస్తే పోయేదని మా ఆయన అన్నారు. ఆయనకేం, ఆయన లెక్చరు ఇవ్వడానికి చెవులక్కర్లేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఢిల్లీకి అవతలి కొసన ఇంకో తెలుగు చర్చిలో ఒక పెద్దాయన హార్మోనియం వాయించేవాడు. చేతులు వణుకుతున్నాయని తెలియగానే ఆయనకి శాలువా కప్పారు, ఫొటో తీశారు, చప్పట్లు కొట్టారు. మరుసటి ఆదివారం ఆయన కుర్చీలో లాప్‌టాప్ కూర్చుంది. రికార్డు చేసిన ట్రాకులు మోగుతుంటే ఆయన మూడో వరసలో శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మా పాస్టరుగారు అంతకన్నా మంచివాడు కనుక నాకు ఇంకాస్త ఖరీదైన శాలువా కప్పుతారు. నాకు శాలువా వద్దు. నాకు నా కుర్చీ కావాలి.

రోజూ ప్రార్థనలో బేరాలాడాను. రెండు చెవుల్లో ఒకటి తీసుకో ప్రభువా, ఉన్నదాన్ని సరిగ్గా ఉంచు అన్నాను. మాటలు తీసుకుని పాట ఇవ్వు అన్నాను. మా ఊరి చేపల బజారులో అలా బేరమాడితే ఏదో ఒకటి తెగేది.

నొటేషన్ నేర్చుకోవాలన్న ఆలోచన వార్డులో పుట్టింది. రోగికి మందు ఎక్కించే పంపు ఆగిపోతే కూత పెడుతుంది, దాంతోపాటు ఎర్రలైటు కూడా వెలుగుతుంది. కూత నాకు అందడం మానేసినా లైటు చూసి పరుగెత్తుతున్నాను, పని జరుగుతోంది. చెవి చేసే పని కన్ను చేయగలదు కదా. పాటకి కూడా కళ్లతో చూసే పద్ధతి ఒకటుంది. ఇన్నాళ్లూ దాన్ని చూసి నవ్వాను గానీ అది ఉంది. గుడ్ ఫ్రైడే ఇంకా చలికాలం అవతల ఉంది. ఆ లోపు నేర్చుకోవాలి, లేదా కుర్చీ వదులుకోవాలి, అని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. అందాకా చాలా ఆదివారాలు డ్యూటీ పడిందని చెప్పి తప్పించుకున్నాను.

లక్ష్మీ నగర్‌లో మెట్రో దిగితే ఆకాశం కనబడకుండా కోచింగు సెంటర్ల బోర్డులు. ర్యాంకులు కొట్టిన పిల్లల మొహాల మధ్య ఒక చిన్న బోర్డు మీద పియానో బొమ్మ. జిరాక్సు షాపు పక్క నుంచి ఇరుకు మెట్లెక్కితే ఒక గది, అందులో నాలుగు కీబోర్డులు. టీచరు పాతికేళ్ల అమ్మాయి. తోటి విద్యార్థినులకి పాలపళ్లు ఊడుతున్నాయి. చేరేముందు నాకు ధీమాగానే ఉండేది. ఈసీజీ కాగితం మీద గీత చూసి గుండె సంగతి చెప్పగలను, అయిదు గీతల మీద చుక్కలు చదవలేనా అనుకున్నాను.

చదవలేకపోయాను. చుక్క చూసి, అది ఏ గీత మీదుందో లెక్కపెట్టి, దాని పేరు గుర్తు చేసుకుని, మెట్టు వెతికేసరికి పక్కన పిల్ల పాట ముగించి నీళ్ల సీసా మూత తీస్తుండేది. తెలిసిన పాటైతే మరీ ఘోరం. రెండు చుక్కలు చూడగానే వేళ్లు వాటి దారిన అవి పరుగెత్తేవి.

“ఆంటీ, హాథ్ మత్ దేఖియే, పేజ్ దేఖియే” అనేది టీచరు. చేతులు చూడొద్దు, కాగితం చూడండి అని. పాపం, ఆ అమ్మాయికి ఓపిక ఎక్కువే. నా వయసు చూసి తిట్టలేకపోయేది, పెన్సిలుతో బల్ల మీద గట్టిగా తాళం వేసేది.

పట్టు వదల్లేదు. డ్యూటీ నుంచి అటే వెళ్లేదాన్ని. మెట్రోలో నిలబడి చుక్కలు వల్లించుకునేదాన్ని. చలికాలం ముగిసేసరికి తడుముకుంటూనైనా చదవడం వచ్చింది. అప్పుడు ఎదురైంది అసలు చిక్కు. మా పాటలకి నొటేషన్ లేదు. టీచరు దగ్గరున్న పుస్తకాల్లో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయి, మా అమ్మ చేపలు తోముతూ పాడినవి మాత్రం లేవు. నేనే రాసుకోవాలి.

చెవి లేకుండా ఎలా రాశానంటే, వేళ్లని అడిగి రాశాను. కీబోర్డు శబ్దం పూర్తిగా తగ్గించేసి పాట వాయించుకుంటూ, వేలు ఏ మెట్టు మీద పడిందో చూసి, ఆగి, చుక్క పెట్టేదాన్ని. శబ్దం పెట్టుకుంటే చెవుల్లో రెండు పాటలు కొట్లాడుకునేవి, తప్పు రాసేదాన్ని. ఏ చప్పుడూ లేకపోతే వేళ్లు చక్కగా చెప్పేవి. గుడ్ ఫ్రైడేకి పాడే పాటలన్నీ అలా రాశాను. నాలుగో పాటకి నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది.

మా అమ్మాయి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. శనివారం బస్సులో ఇంటికొస్తుంది. చిన్నప్పుడే దాన్ని స్కూల్లో పియానోకి పెట్టాను. నాలాగా గుడ్డిగా వాయించకూడదు, పద్ధతిగా రావాలని. పద్ధతిగానే వచ్చింది. కాగితం పెడితే ఏదైనా వాయిస్తుంది, తీసేస్తే చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. దాన్ని లక్ష్మీ నగర్ తీసుకెళ్లాను. నేను రాసిన పాట టీచరు వాయించింది, అది పక్కన కూర్చుని వింది. నేను దాని మొహమే చూస్తున్నాను. దాని మొహం తప్ప నాకు చెవి లేదు.

“మమ్మీ, నోట్స్ తో సహీ హై” అంది నసుగుతూ. “పర్ యే వో గానా నహీ లగ్ రహా.”

చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం అది కాదు. ఎక్కడ తేడా అంటే చెప్పలేకపోయింది. నాకు తెలుసు ఎక్కడో. లైను చివర మా జనం పాటని వదలరు. ఆంటీ సాగదీస్తారు, వెనక ఆడవాళ్లు ఇంకాస్త సాగదీస్తారు, మగవాళ్లు ఆలస్యంగా వచ్చి కలుస్తారు, అందరూ ఊపిరి తీసుకున్నాక గాని తర్వాతి లైను రాదు. ఎంతసేపు అంటే, ఆ రోజు ఎవరి గుండె ఎంత బరువుగా ఉంటే అంతసేపు. టీచరు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి తర్వాతి లైనుకి వెళ్లిపోయింది. ఆమె తప్పేం లేదు, నేను రాసిందే ఆమె వాయించింది. ఆ గదిలో ఆ చిన్నపిల్లల ముందే ఏడ్చేశాను. టీచరు కంగారుపడి నీళ్లు తెచ్చింది.

అయినా ఆ సాగదీతలు నేను చూసి పట్టుకోగలను. ఆంటీ భుజాలు లేస్తే ఊపిరి తీసుకుంటున్నట్టు, దించితే తర్వాతి లైను. అది కన్ను చేస్తుంది. కన్ను చేయలేనిది ఒక్కటే, ఆవిడ ఎత్తే శ్రుతి పట్టుకోవడం. కాగితం ఎంత బాగా రాసుకున్నా, ఆవిడ ఎక్కడ మొదలుపెడతారో ఏ కాగితమూ చెప్పదు. ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. గొంతు వింటే ముల్లు తిరిగి అంకె చూపిస్తుంది. ఇంట్లో చక్కగా చూపించింది. చర్చిలో ఆంటీ జారుడు గొంతుకీ, ఫ్యాన్ల మోతకీ, పసిపిల్లల ఏడుపుకీ ఆ ముల్లు పిచ్చెక్కినట్టు తిరిగింది. అది కుదురుకునేసరికి చరణం అయిపోయింది. పైగా నేను ఆరాధనలో వాట్సాప్ చూస్తున్నానని ఒకావిడ పాస్టరుగారికి చెప్పింది.

ఇక మిగిలింది ఆంటీనే. గుడ్ ఫ్రైడేకి వారం ముందు వాళ్లింటికి వెళ్లాను. పచ్చిమిరపకాయలు వేసి ఉల్లిపాయ పకోడీ పెట్టారు. నేను మొదటి స్వరం వాయించి ఇస్తాను, మీరు అందులోనే అందుకోండి అన్నాను. ఎందుకని అడుగుతారని తెలుసు, అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను. కుర్రాళ్లకి గొంతు అందడం లేదట, ఒక శ్రుతిలో ఉంటే అందరూ పాడతారు అన్నాను.

ఆంటీ మొహం చిన్నబోయింది. “నా గొంతుకి నువ్వు కళ్లెం ఏస్తావా? ఇన్నేళ్లూ నువ్వు అందుకోలా?”

“ఒక్క గుడ్ ఫ్రైడేకే ఆంటీ. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఛ, అదేం మాట! అట్టా అనబాకు. చేద్దాంలే.”

వాళ్లింట్లో చిన్న కీబోర్డు పెట్టి సాధన చేశాం. ఆవిడ నిజంగానే ప్రయత్నించారు. నా స్వరం విని, తలూపి, అందులోనే మొదలుపెట్టేవారట. పక్కన కూర్చున్న మా అమ్మాయి ఫోనులో ముల్లు చూసి నాకు సైగ చేసేది. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ ఆంటీ దారిలో ఉండేవారు. కళ్లు మూశారంటే తప్పిపోయేవారు. “కళ్లు మూయొద్దు ఆంటీ” అన్నాను. డెబ్భై దాటిన మనిషిని, జీవితమంతా కళ్లు మూసుకుని పాడిన మనిషిని, కళ్లు తెరిచి దేవుడికి పాడమన్నాను. ఆవిడ సరేనన్నారు.

గుడ్ ఫ్రైడేకి మాకు ఆ పాత చర్చి దొరకదు. నోయిడాలో ఒక అపార్టుమెంట్ల సొసైటీ హాలు అద్దెకి తీసుకుంటాం. మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన, సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగం, ఒక్కో ప్రసంగం తర్వాత ఒక పాట. ఏ మాటకి ఏ పాటో ముందే అనుకున్నాం. నా కాగితాలు వరసగా పెట్టుకున్నాను. పేజీలు తిప్పడానికి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కూలర్లు రోడ్డు మీద లారీల్లా మోగుతున్నాయి.

మొదటి మూడు పాటలూ జరిగిపోయాయి. నేను స్వరం ఇచ్చాను, ఆంటీ కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తూ అందుకున్నారు. అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపించింది. నేను కాగితం చూస్తూ, ఆంటీ భుజాలు చూస్తూ, ఒళ్లంతా చెమటలు కక్కుతూ వాయించాను. ఒక్క ముక్క వినలేదు. వినకుండానే మూడు పాటలు వాయించాను! దేవుడు బేరానికి ఒప్పుకున్నాడని అనుకున్నాను.

నాలుగో మాట మీద మాట్లాడింది నోయిడాలో సాఫ్ట్‌వేర్ పని చేసే అమ్మాయి. తండ్రి విడిచిపెట్టాడని సిలువ మీద కొడుకు అరిచిన మాట అది. ఆ నెలలోనే ఆ అమ్మాయి నాన్న ఊళ్లో పోయాడు. విమానం ఆలస్యమై ఆఖరి చూపు దక్కలేదు. సగం ప్రసంగంలో ఆ పిల్ల మైకు పట్టుకునే ఏడ్చేసింది. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. నేను నాలుగో కాగితం మీద చెయ్యి పెట్టి, స్వరం ఇవ్వడానికి ఆంటీ వైపు చూశాను.

ఆంటీ కళ్లు మూసుకుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. అప్పటికే ఎత్తేశారు.

అది నా కాగితాల్లో ఉన్న పాట కాదు. పెదాలు చూసి పోల్చుకున్నాను, సమాధుల దగ్గర మా ఊళ్లలో పాడే పాత పాట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అనుకోలేదు, ఆ పిల్ల ఏడుపు చూసి ఆవిడ నోట వచ్చేసింది. జనం లేచి నిలబడ్డారు. అందరి నోళ్లూ కదులుతున్నాయి. ఫోనులో ముల్లు కూలర్ల మోతకి గిర్రున తిరుగుతోంది. అమ్మాయి వైపు తిరిగాను. “ఏ శ్రుతే? చెప్పవే!” అన్నాను, బహుశా గట్టిగానే అనుంటాను.

అది భయంగా కాగితాల వైపు చూసింది, నా వైపు చూసింది. “పతా నహీ మమ్మీ.” తెలీదంది.

నాకు చెవి పోయింది. దానికి చెవి నేను రానివ్వలేదు. పద్ధతిగా పెంచాను కదా. ఆ క్షణంలో నాకు దాని మీద కోపం వచ్చింది, నా మీద వచ్చింది, కళ్లు మూసుకున్న ఆ ముసలావిడ మీద వచ్చింది, దేవుడి మీదైతే చెప్పనే అక్కర్లేదు. తప్పు శ్రుతిలో మొదలుపెడితే ఆ పిల్ల దుఃఖంలో ఇసక పోసినట్టవుతుంది. వాయించకుండా చేతులు ముడుచుకుంటే హాలంతా నా వైపు చూస్తుంది, వచ్చే వారానికి శాలువా కొనేస్తారు. కీబోర్డు మూలన శబ్దం తగ్గించే గుండ్రటి మీట ఉంది. దాన్ని ఆఖరిదాకా తిప్పేశాను.

తిప్పేసి వాయించాను. నాలుగు చరణాలూ వాయించాను. ఆ పాట నా వేళ్లకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆంటీ సాగదీసినచోట సాగదీశాను, జనం ఊపిరి తీసుకున్నచోట ఆగాను, కాగితంలో ఎవరూ రాయలేని చోట్లన్నీ సరిగ్గా పట్టుకున్నాను. అంత బాగా ఎప్పుడూ వాయించి ఉండను. చప్పుడు మాత్రం లేదు. మా అమ్మాయి ఆ మీట చూసింది, తల దించుకుని కాగితాలు సర్దుతున్నట్టు కూర్చుంది. పాట అయ్యాక మీట మళ్లీ పైకి తిప్పాను. మిగిలిన మూడు మాటలకీ ఆంటీ బుద్ధిగా కళ్లు తెరిచే పాడారు.

ఆరాధన అయ్యాక జనం కుర్చీలు సర్దుతున్నారు. ఆంటీ నా దగ్గరికి వచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. నా రెండు చేతులూ పట్టుకుని, నా చెవికి దగ్గరగా వంగి అన్నారు.

“అన్నిట్లోకీ ఆ నాలుగో మాటప్పుడు వాయించావు చూడూ, అదమ్మా వాయించడం అంటే! ఆ కాగితాలు చూసి వాయించినవాటికి పేణం లేదు. ఇది మన పాతరోజుల్లో లాగా నా గొంతెమ్మటే వచ్చింది.”

ఆవిడ వేళాకోళం ఆడుతున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే విన్నారు. నేను వాయించనిది ఆవిడకి వినిపించింది. అన్నేళ్లుగా నేను వెంట ఉండటం అలవాటైపోయి, లేకపోయినా వినిపించింది. అందుకు సంతోషించాలని తర్వాత మా ఆయన అన్నారు. నేను సంతోషించలేకపోయాను. నేను ఉన్నా లేకపోయినా ఆ పాట ఒకటేనా? పక్కన మా అమ్మాయి వైరు చుడుతూ ఆగిపోయింది, తలెత్తలేదు.

“ఇంతకీ ఎంతలో ఎత్తానే?” అన్నారు ఆంటీ.

నా అర శ్రుతి పొరపాటు తర్వాత ఆవిడ మళ్లీ ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆ పాట ఎక్కడ పలికిందో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సినదాన్ని నేను. ఆవిడ నా చేతులు వదలకుండా, మందు పేరు చెబుతారని చూసే రోగిలాగా నా నోటి వంక చూస్తున్నారు.

“అయిదున్నర ఆంటీ” అన్నాను.

“అట్టాగా! అందుకే హాయిగా పలికింది” అని కళ్లు తుడుచుకున్నారు. “ఎల్లుండి ఈస్టరు పాటలకి కూడా ఆ కాగితాలు తేబాకు. నేను ఎత్తుతాను, నువ్వు అందుకో.”

“సరే ఆంటీ” అన్నాను.